ముళ్ల తీగకు చిక్కిన దండోరా

అనగా అనగా, ఊళ్లలో గడియారాలు తక్కువగా, గొర్రెలు ఎక్కువగా ఉన్న కాలంలో, ముదిగుట్ట అనే ఊరు ఒకటి ఉండేది. ఆ కాలంలో కుక్కలు చక్కగా మాట్లాడేవి. వినే ఓపిక మాత్రం మనుషులకు ఉండేది కాదు. అందుకని కుక్క ఎంత మంచి మాట చెప్పినా మనుషుల చెవికి అది "భౌ" అనే వినిపించేది.

ఆ ఊళ్లో కదిరప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. మనిషి మంచివాడు. అబద్ధం ఆడడు. కల్లు ముట్టడు. ఎవరికి కష్టం వచ్చినా పిలవకముందే పరుగెత్తుతాడు. అదే అతని గుణం, అదే అతని దోషం. ఎందుకంటే కదిరప్పకు కాళ్లు ముందు వెళ్లేవి. చేతులు వాటి వెనక వెళ్లేవి. బుద్ధి మాత్రం ఇంటి దగ్గరే చెప్పులు వెతుక్కుంటూ ఉండిపోయేది.

ఒకసారి పొరుగింటి గడ్డివామి దగ్గర పొగ లేస్తోందని కడివెడు నీళ్లు తెచ్చి కుమ్మరించాడు. తీరా చూస్తే ఆ పొగ వామిది కాదు, వామి చాటున కూర్చుని చుట్ట కాలుస్తున్న ముసలాయనది. ముసలాయనకు వారం రోజులు జలుబు చేసింది.

కదిరప్ప భార్య సుంకమ్మ. ఆమె తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. చీమల బారు కనబడితే అది ఎటు పోతోందో చూసి గానీ అడుగు వేసేది కాదు.

వాళ్లకు వంద గొర్రెలు. ఆ వంద గొర్రెలకు ఒకటే కుక్క. నల్లని ఒళ్లు, తెల్లని రొమ్ము. అది ఇక్కడ మొరిగితే మూడు ఊళ్ల అవతల వినబడేది. అందుకే దానికి దండోరా అని పేరు పెట్టారు.

ఊరి అవతల వాగు పారే వంక ఉంది. వంకలో ఒక తోడేలు ఉంది. ఆ తోడేలుకూ మందకూ మధ్య గోడ లేదు, దండోరా తప్ప. దండోరా లేకపోతే నెల తిరిగేసరికి కదిరప్పకు చేతిలో కర్ర, భుజాన కంబళి తప్ప ఇంకేమీ మిగలదు. ఈ సంగతి కదిరప్పకు తెలుసు. సుంకమ్మకు తెలుసు. తోడేలుకు ఇంకా బాగా తెలుసు.

ఇలా ఉండగా ఆ ఏడు ఊళ్లో ఒక మార్పు వచ్చింది.

మంద మేసే బీడు పక్కనే ఓబిరెడ్డి వేరుశనగ చేను ఉంది. అడవిపందులు రాకుండా ఆ చేను చుట్టూ పాత చీరలు కట్టడం అక్కడి అలవాటు. నేలలో పాతిన రాతి కూసానికీ కూసానికీ మధ్య ఎర్ర చీర, పచ్చ చీర, గళ్ల చీర గాలికి ఊగుతుంటే పందులు బెదిరి వెళ్లిపోయేవి. కుక్కలకూ గొర్రెలకూ ఆ కంచె దూరం నుంచే కనబడేది. తగిలినా గుడ్డే గనక గాయం అయ్యేది కాదు.

కానీ దారినపోయే ఆడవాళ్లు ఆగి చూసేవాళ్లు. "ఇది రెడ్డమ్మ పెళ్లినాటి చీర. అది తిరునాళ్లలో కొన్న చీర. పాపం, ఇదింకా చిరగనే లేదే!" అనేవాళ్లు. ఈ మాటలు ఓబిరెడ్డి చెవిన పడ్డాయి.

"నా ఇంటి చీరల లెక్క ఊరందరికీ తెలియడమా?" అని రోషం తెచ్చుకున్నాడు. చీరలన్నీ పీకించాడు. పట్నం నుంచి ఇనుప ముళ్ల తీగ తెప్పించి నాలుగు వరసలు కట్టించాడు. పైవరసలు రెండూ బిగువు లేక ఊగుతున్నాయి. అడుగు వరస వదులై గడ్డిలోకి వేలాడుతోంది. మిగిలిపోయిన తీగ చుట్టను ఎత్తి దాచే ఓపిక లేక అక్కడే వదిలేశాడు. కంచె చూసుకుని మీసం మెలేశాడు, ఇంటికి వెళ్లి హాయిగా భోంచేశాడు.

ఒకరోజు పొద్దున మంద బీడులో మేస్తోంది. ఒక గొర్రెపిల్ల ముళ్ల తీగ కింది నుంచి దూరి చేలోకి పోయింది. దండోరా దాని వెనకే దూరింది. పిల్లను ముట్టెతో నెట్టి ఇవతలికి పంపింది. తను వచ్చేటప్పుడు మాత్రం గడ్డిలో దాగిన అడుగు తీగ వీపుకు తగులుకుంది.

దండోరా తెలివైనది. పెనుగులాడలేదు. ఉన్నచోటే నిలబడి చెప్పింది. "అయ్యా, ఆగు. లాగొద్దు. ముల్లు వెనక్కి తిరిగి నా వీపులో దిగింది. నీ కర్రతో తీగను కాస్త పైకి లేపు చాలు. నేనే మెల్లగా వెనక్కి జరిగి బయటపడతా."

ఎంత చక్కని మాట! కదిరప్పకు వినిపించింది మాత్రం "భౌ, భౌభౌ."

"అయ్యో నా బంగారుకొండా! చచ్చిపోతోంది రోయ్!" అని కర్ర పారేసి పరుగెత్తాడు. దండోరా ముందుకాళ్లు రెండూ పట్టుకున్నాడు. కాళ్లు తన్నిపెట్టి ఒక్క లాగు లాగాడు.

సర్రుమని చప్పుడైంది. దండోరా బయటికి వచ్చింది. దాని వీపు తోలు జానెడు మేర చీరుకుపోయింది. ఆ నొప్పిలో అది కదిరప్ప చేయి పట్టి కరిచింది.

కదిరప్ప చేయి విదిలించుకుంటూ అరిచాడు. "అన్నం పెట్టే చేతినే కరుస్తావా? విశ్వాసం లేని జంతువా!"

దండోరా గొర్రెపిల్ల వైపు తిరిగి, "వీపు చీల్చినాయన విశ్వాసం గురించి చెబుతున్నాడు, విను" అంది.

కదిరప్ప కుక్కను భుజాన వేసుకుని ఊరి మొదట ఉన్న టీకొట్టు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఒకడు బండి తోలే గంగులప్ప. ఒకడు గోడలకు సున్నం కొట్టే చెన్నరాయుడు. మూడోవాడు మిరపకాయలు అమ్మే కొండయ్య శెట్టి. వాళ్లెవరికీ వైద్యం రాదు. అయితే చేతిలో పని లేనప్పుడు వైద్యం ఎవరికైనా వస్తుంది.

గంగులప్ప గాయం చూసి, "బండి కందెన పూయి మామా. మా బండి ఇరుసుకు ఇరవై ఏళ్లుగా పూస్తున్నా. ఒక్కసారైనా చీము పట్టిందా?" అన్నాడు.

చెన్నరాయుడు తల అడ్డంగా ఆడించాడు. "సున్నం పెట్టన్నా. గోడ పగిలితే ఏం పెడతాం? తోలు మాత్రం ఒంటికి గోడ కాదా?"

కొండయ్య శెట్టి గొంతు సవరించుకున్నాడు. "కారప్పొడి చల్లు. పురుగు దగ్గరికి రాదు. మా అంగట్లో మిరపకాయల మూటకు పురుగు పట్టగా ఎవరైనా చూశారా?"

"చూశాం శెట్టీ, పోయిన వారమే" అన్నాడు గంగులప్ప.

ఎవరి మాట కాదంటే ఎవరికి కోపం వస్తుందోనని కదిరప్ప మూడూ చేశాడు. ముందు కందెన, దాని మీద సున్నం, దాని మీద కారం. దండోరా ఊరి చుట్టూ మూడుసార్లు పరుగెత్తి పశువులు నీళ్లు తాగే తొట్టిలో దూకింది.

సుంకమ్మ వచ్చి చూసింది. కుక్కను చూసింది. తొట్టిని చూసింది. మొగుడి చేతి మీద పంటి గాట్లు చూసింది. ఒకటే మాట అడిగింది.

"ఏమయ్యా, కందెన, సున్నం, కారం నీ చేతికి కూడా పూసుకున్నావా?"

"నాకెందుకే? మండుతుంది గదా!" అన్నాడు కదిరప్ప.

"ఓహో" అంది సుంకమ్మ. అతని చేయి పట్టుకుని తొట్టి పక్క కుళాయి కింద పెట్టి, సబ్బుతో చాలాసేపు కడిగింది. అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపి సూది వేయించింది.

మూడోనాటికి దండోరా గాయం వాసన కొట్టింది. అది అన్నం ముట్టడం మానేసింది. వంకలో తోడేలు ఒళ్లు విరుచుకుంది. సుంకమ్మ గంగులప్ప చేత బండి కట్టించింది. కుక్కను గడ్డి మీద పడుకోబెట్టి, మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టి, సంత జరిగే ఊరికి బయల్దేరింది. అక్కడ పశువుల డాక్టరు ఉన్నాడు. ముసలివాడు, దళసరి కళ్లద్దాలవాడు.

డాక్టరు వంగి వాసన చూశాడు. వేలితో తాకి చూశాడు. తల ఎత్తి అడిగాడు.

"ఇది కుక్కా, ఊరగాయా?"

కదిరప్ప తల వంచుకున్నాడు. గంగులప్ప తన ఎద్దులకు నీళ్లు పెట్టాలని గుర్తొచ్చి బయటికి వెళ్లిపోయాడు.

డాక్టరు గాయం చుట్టూ వెంట్రుకలు కత్తిరించాడు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగాడు. మందు వేసి కుట్లు వేశాడు. చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"వినవయ్యా. నొప్పిలో ఉన్న కుక్క కన్నతల్లినైనా కరుస్తుంది. అది దాని తప్పు కాదు. అందుకని ముందు మెత్తని గుడ్డపేలికతో మూతి కట్టు. ముక్కు రంధ్రాలు మూయొద్దు. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి ఆడకపోయినా అసలు కట్టొద్దు. కుక్కను లాగొద్దు. తీగను తప్పించు, తప్పకపోతే కత్తిరించు. అది వేలాడుతుంటే అన్నిటికంటే ముందు దాని బరువు ఎత్తిపట్టు. నెత్తురు కారితే శుభ్రమైన గుడ్డతో అదిమిపెట్టు. గాయానికి ఏదీ పూయకుండా నా దగ్గరికి తీసుకురా. పైకి చిన్న చిల్లే గదా అనుకోవద్దు, లోపల తోలు ఎంత చిరిగిందో పైకి కనబడదు. ఇవన్నీ గుర్తుండకపోతే మూడు మాటలు గుర్తుపెట్టుకో. ఆగు. చూడు. ఆ తర్వాత ముట్టు."

కదిరప్ప దారి పొడుగునా ఆ మూడు మాటలు బట్టీ పట్టాడు. "ఆగు! చూడు! ముట్టు!" అని గట్టిగా అంటూనే ఉన్నాడు. అతను "ఆగు" అన్నప్పుడల్లా ఎద్దులు ఆగిపోయాయి. ఎద్దులు ఆగినప్పుడల్లా గంగులప్ప తిట్టాడు. గంట ప్రయాణం మూడు గంటలు పట్టింది. ఊరు చేరేసరికి ఎద్దులకు ఆ పాఠం వచ్చేసింది. కదిరప్పకు నోటికి వచ్చింది, బుద్ధికి ఇంకా రాలేదు.

నెల గడిచింది. దండోరా గాయం మానింది. అది మళ్లీ మంద వెంట నడిచింది.

ఒక మధ్యాహ్నం వంకలోంచి తోడేలు తల ఎత్తింది. మందకు అటువైపు నుంచి, ఓబిరెడ్డి చేను గట్టు వెంట మెల్లగా వస్తోంది. దండోరా చూసింది. చుట్టు తిరిగి పోయే తీరిక లేదు. ఎగిరి కంచె దూకింది. ముందుకాళ్లు దాటాయి, ఒళ్లు దాటింది. వెనక్కాలు ఒకటి మాత్రం ఊగుతున్న రెండు పైవరసల మధ్య పడింది. తీగలు రెండూ మెలిపడి కాలిని బిగించేశాయి. దండోరా తలకిందులుగా వేలాడింది.

"అయ్యా, ఎత్తుకో! ముందు నా బరువు ఎత్తుకో!" అని కేక పెట్టింది.

కదిరప్ప పరుగెత్తాడు. పది బారల అవతల ఉన్న దారి గుండా చేలోకి వచ్చాడు. ఈసారి లాగలేదు. డాక్టరు మాట గుర్తొచ్చింది. "ముందు మూతి కట్టాలి!" అని తలపాగా విప్పాడు. తలపాగా పది మూరలు. డాక్టరు చెప్పింది గుడ్డపేలిక. కదిరప్ప కట్టడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, పది చుట్లు. మూతి అయిపోయింది. ముక్కు అయిపోయింది. కళ్లు, చెవులు అయిపోయాయి. చివరికి దండోరా తల గుమ్మడికాయంత అయింది. కాలు మాత్రం తీగలో అలాగే ఉంది, ఒంటి బరువంతా దాని మీదే ఉంది.

లోపలి నుంచి దండోరా ఏదో అంది. ఈసారి అది ఏమందో కథ చెప్పేవాళ్లకు కూడా తెలియదు.

అప్పుడే సుంకమ్మ సంగటి గంపతో వస్తోంది. చూసింది. గంప కింద పెట్టి అదే దారిన చేలోకి వచ్చింది. మొగుణ్ణి పక్కకు నెట్టి, దండోరా నడుము కింద భుజం పెట్టి పైకెత్తింది. కాలి మీద బరువు పోయింది.

"ఏమయ్యా, ఆ మూట విప్పి ముక్కు బయటపెట్టు! తర్వాత కర్ర రెండు తీగల మధ్య దూర్చి తిప్పు!" అంది.

కర్ర తిప్పగానే మెలి విడిపోయింది, కాలు బయటికి వచ్చింది. నిజం చెప్పాలంటే తీగ విప్పడానికి పట్టిన సేపు కంటే తలపాగా విప్పడానికే ఎక్కువ సేపు పట్టింది.

ఈలోగా తోడేలు తన పని తాను చూసుకుంది. లెక్కపెడితే ఒక గొర్రెపిల్ల తక్కువైంది. అది ఆనాడు దండోరా ముట్టెతో నెట్టి కాపాడిన పిల్లే.

డాక్టరు కాలు పట్టి చూశాడు. ఎముక విరగలేదు, నరం బెణికింది అన్నాడు. కట్టు కట్టాడు. కళ్లద్దాలు తీసి చెప్పాడు. "ఇంకొక్కసారి ఈ కాలు ఇలా మెలిపడితే, ఈ కుక్క ఇక మంద వెంట నడవదు. గుర్తుంచుకోండి."

ఆ రోజు తిరుగు దారిలో కదిరప్ప ఏమీ బట్టీ పట్టలేదు. ఎద్దులు మాత్రం ఆగవలసిన చోట్లన్నీ గుర్తుపెట్టుకుని ఆగాయి.

ఇంటికి వచ్చాక సుంకమ్మ అంది. "ఏమయ్యా, నీ మనసు మంచిదే. నీ తొందరే దీన్ని చంపేట్టుంది. ఇంకోసారి నీ తొందర చూశానంటే, కర్ర నా చేతికి వస్తుంది, సంగటి కెలికే కట్టె నీ చేతికి వస్తుంది."

"ఊరు నవ్వదా?" అన్నాడు కదిరప్ప.

"సంగటి ఉండలు కట్టకపోతే నవ్వదు" అంది సుంకమ్మ.

దండోరా కుంటుతూ మళ్లీ మంద దగ్గరికి రావడానికి ఇరవై రోజులు పట్టింది. కదిరప్ప దాన్ని కంచె వైపు పోనివ్వలేదు. తనే కంచెకూ మందకూ మధ్య కాపలా తిరిగాడు.

అదిగో, అప్పుడే తోడేలు మళ్లీ వచ్చింది. కంచె అవతల, చేలో, తాపీగా కూర్చుంది. కుంటి కుక్కను చూసి నవ్వింది. కదిరప్పను చూసి ఇంకా నవ్వింది.

కదిరప్పకు పోయిన గొర్రెపిల్ల గుర్తొచ్చింది. ఒళ్లు మండింది. "ఒరే, నీ పని ఇవాళ పడతా!" అని కర్ర ఎత్తాడు.

"అయ్యా, ఆగు!" అంది దండోరా. "పది బారల అవతల దారి ఉంది. అటు నుంచి పోదాం."

కదిరప్ప కాళ్లు అప్పటికే వెళ్లిపోయాయి. చేతులు వెళ్లిపోయాయి. కర్ర అవతల పారేసి కంచె దూకాడు.

పంచె దూకలేదు.

పంచె పైతీగకు తగులుకుంది. ఆ కుదుపుకు పిక్క ముళ్లలో దిగింది, పాదం రెండు తీగల మధ్య మెలిపడింది. కదిరప్ప ఇవతలివైపే తలకిందులుగా వేలాడాడు. దండోరా ఎక్కడ వేలాడిందో సరిగ్గా అక్కడే.

తోడేలు కాసేపు అతన్ని అటునుంచి చూసింది, ఇటునుంచి చూసింది. ఇక ఇక్కడ భయపడవలసినది ఏమీ లేదని తేల్చుకుని, కంచె కింది నుంచి మంద వైపు దూరడానికి చోటు వెతుక్కోసాగింది.

కదిరప్ప కేకలు విని దారినపోతున్న ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. వాళ్లెవరో మీకు తెలుసు. గంగులప్ప, చెన్నరాయుడు, కొండయ్య శెట్టి.

"అయ్యయ్యో మామా! ఉండు, లాగేస్తాం!" అన్నాడు గంగులప్ప, ఒక చేయి పట్టుకుంటూ.

"నేనొక చేయి పడతా. ఒకటే గుంజుడు!" అన్నాడు చెన్నరాయుడు.

"గుంజండి, గుంజండి. గాయానికి వేయడానికి కారం నా సంచిలోనే ఉంది" అన్నాడు శెట్టి.

కదిరప్ప చేతులు విదిలించుకున్నాడు. "ఆగండి! లాగొద్దు! ముల్లు వెనక్కి తిరిగి దిగింది! తీగను లేపండి చాలు!" అని అరిచాడు.

ఆ మాటలు తన నోట వస్తుంటే అతనికి ఎక్కడో విన్నట్టే అనిపించింది.

"పాపం, నొప్పికి ఏదేదో అంటున్నాడు. పట్టించుకోవద్దు. లాగండి" అన్నాడు చెన్నరాయుడు.

అప్పుడు దండోరా వచ్చింది. కుంటుతూ వచ్చి ముగ్గురికీ కదిరప్పకూ మధ్య నిలబడింది. పళ్లు చూపింది. మూడు ఊళ్లు వినేలా మొరిగింది. "ఆగండి! చూడండి! ఆ తర్వాత ముట్టండి!"

ముగ్గురికీ "భౌ" అనే వినిపించింది. కానీ తలకిందులుగా వేలాడేవాడికి మాట చెవిలోకి బాగా దిగుతుందేమో, కదిరప్పకు మాత్రం ప్రతి అక్షరమూ వినిపించింది.

"దండోరా! నువ్వు మాట్లాడతావా?" అన్నాడు.

"పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్నా" అంది దండోరా.

"అయితే ఆనాడు నాకు చెప్పింది కూడా..."

"ఇదే. వీపు చీరుకుపోయిన నాడూ ఇదే, కాలు మెలిపడిన నాడూ ఇదే."

కదిరప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. తలకిందులుగా ఉన్నాడు గనక అవి నుదుటి మీదుగా కారి జుట్టులోకి పోయాయి. "నన్ను వదిలెయ్. మందను చూసుకో పో" అన్నాడు.

"నేను కదిలితే వీళ్లు నిన్ను గుంజేస్తారు. మన సుంకమ్మ వచ్చేదాకా కదలను" అంది దండోరా. ఇంకా గట్టిగా మొరిగింది. ఒకసారి మనుషుల వైపు, ఒకసారి తోడేలు వైపు.

ఆ మొరుగుడు ఇంట్లో ఉన్న సుంకమ్మకు వినబడింది. ఆమె వచ్చింది. ఆగింది. చూసింది. అప్పుడు పనులు పంచింది.

"గంగులప్పన్నా, నువ్వు వంగి నా మొగుడి నడుము కింద వీపు పెట్టు. చెన్నరాయన్నా, కర్ర తెచ్చి రెండు తీగల మధ్య దూర్చు. శెట్టిగారూ, మీ సంచి తీసుకుపోయి ఆ దూరంగా ఉన్న కూసం దగ్గర పెట్టి, అక్కడే నిలబడండి. అదే మీరు చేసే సాయం."

గంగులప్ప వంగాడు. "మామా, నువ్వు ఎద్దు కంటే బరువున్నావు" అని మూలిగాడు. కదిరప్ప నొప్పికి తోడేలును, కంచెను, ఓబిరెడ్డిని, ఓబిరెడ్డి మీసాన్ని కలిపి తిట్టసాగాడు. ఆ కేకలకు గొర్రెలు బెదిరి నాలుగు దిక్కులా చెదిరిపోతున్నాయి. సుంకమ్మ పైట చెంగుతో అతని నోరు కట్టేసింది, ముక్కు వదిలి.

"డాక్టరు చెప్పిందే చేస్తున్నా" అంది.

ఇప్పుడు దండోరాకు తీరిక దొరికింది. మంద వైపు తిరిగింది. కంచె దూకలేదు. కంచె కింద దూరలేదు. పది బారలు కుంటుతూ నడిచి దారి గుండా చేలోకి వెళ్లి, తోడేలు వెనక నిలబడి ఒక్కసారి గొంతెత్తింది.

తోడేలు అప్పటికి సగం ఒళ్లు తీగ కింద దూర్చి ఉంది. ఉలిక్కిపడింది. ఎగరేసిన తోక తీగకు చిక్కింది.

"ఆగు. చూడు. నిదానంగా వెనక్కి జరుగు. తోక దక్కుతుంది" అంది దండోరా. న్యాయమైన మాట ఎవరికైనా చెప్పవలసిందే గదా.

"కుక్క నాకు నీతులు చెప్పేదేమిటి!" అని తోడేలు ఒక్క గుంజు గుంజింది. తోడేలు వంకలోకి పోయింది. తోక కుచ్చు కంచె మీదే ఉండిపోయింది. ఆ తర్వాత సిగ్గుతో అది ఆ చుట్టుపక్కల కనబడలేదు.

చెన్నరాయుడు కర్ర తిప్పాడు. మెలి విడింది. కదిరప్ప మెల్లగా నేలకు దిగాడు. సుంకమ్మ గాయాన్ని సబ్బూ మంచినీళ్లతో కడిగి, ఉతికిన గుడ్డతో అదిమిపెట్టింది. శెట్టి దూరం నుంచే, "అమ్మా, ఒక్క చిటికెడు..." అన్నాడు. దండోరా అతని వైపు చూసింది. శెట్టి చిటికెడు సంచిలోనే వేసుకున్నాడు.

కదిరప్ప ఆసుపత్రికి పోయి సూది వేయించుకుని వచ్చాడు. మర్నాడు కర్ర తీసి తనే సుంకమ్మ చేతికి ఇచ్చాడు. ఇరవై రోజులు సుంకమ్మ మందను మేపింది. ఇరవై రోజులు కదిరప్ప మంచం పక్కనే పొయ్యి పెట్టుకుని సంగటి కెలికాడు. మొదటి పది రోజులు ఉండలు కట్టింది. దండోరా ముట్టెతో తాకి చూసి గానీ తినేది కాదు. పదకొండో రోజున కదిరప్ప పిండి పోసే ముందు ఆగాడు. ఎసరు చూశాడు. ఆ తర్వాత కట్టె ముట్టాడు. ఆనాటి సంగటి వెన్నలా వచ్చింది.

వేరుశనగ పంట ఇంటికి వచ్చింది. అప్పుడు ఓబిరెడ్డి కదిరప్పను వెతుక్కుంటూ వచ్చాడు. చేలో పంట తీశాక గొర్రెల మందను అక్కడ పడుకోబెడితే ఎరువుకు ఎరువు, మరుసటి ఏడు పంటకు పంట. మంద దిగని చేను ఆ ఊళ్లో ఎవరికీ అక్కరలేదు.

"కదిరప్పా, ఈ వారం మంద నా చేలో కట్టు" అన్నాడు.

వెనకటి కదిరప్ప అయితే రెడ్డి మాట పూర్తికాకముందే మందను తోలేవాడు. ఇప్పటి కదిరప్ప ఆగాడు. దండోరా వైపు చూశాడు. అది ఏదో అంది. అతను విన్నాడు.

"రెడ్డీ, మా దండోరా మూడు మాటలు చెబుతోంది. గడ్డిలో పడి ఉన్న తీగ చుట్ట ఎత్తించు. వదులు వరసలు బిగించి, నాలుగు దిక్కులా కుక్కలు పోయే దారి వదులు. తీగ పొడుగునా కంటికి కనబడేలా చీరపేలికలు కట్టు. అప్పుడు దిగుతుంది మంద."

"మళ్లీ చీరలా! ఊళ్లో నా పరువేం కావాలి?" అన్నాడు ఓబిరెడ్డి.

సుంకమ్మ అంది. "రెడ్డీ, మీ కంచె మీద ఇప్పుడు నా మొగుడి పంచె ముక్క, తోడేలు తోక కుచ్చు వేలాడుతున్నాయి. ఊరంతా వచ్చి చూసిపోతోంది. వాటికంటే రెడ్డమ్మ చీరలే నయం."

ఓబిరెడ్డి మీసం దువ్వడం ఆపాడు. ఆ సాయంత్రమే తీగ చుట్ట ఎత్తించాడు. వరసలు బిగించాడు. ఎర్ర పేలికలు, పచ్చ పేలికలు, గళ్ల పేలికలు మళ్లీ గాలికి ఊగాయి. మంద చేలోకి దిగింది. అన్నిటికంటే ముందు దండోరా, దారి గుండా, తోక ఎత్తుకుని.

ఇప్పటికీ ముదిగుట్టలో ఎవరైనా కష్టంలో పడితే కదిరప్పే ముందు పరుగెత్తుతాడు. కానీ ఒక్క అడుగు ముందే ఆగుతాడు. ఆ ఒక్క అడుగులో అతని బుద్ధి చెప్పులు తొడుక్కుని వచ్చి అతన్ని కలుసుకుంటుంది.

సాయం చేయాలన్న మంచి మనసు ఒక్కటే చాలదు. కష్టంలో ఉన్నవాణ్ణి ముట్టుకునే ముందు ఆగి, చూసి, వాడు చెప్పేది వినేవాడే నిజంగా ఆదుకోగలడు.